నాన్నగారి వ్యాగనార్‌ను దానం ఇచ్చిన తీరు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కింద దుమ్ముపట్టి ఉన్న నాన్నగారి వ్యాగనార్‌ను ఈమధ్యే ఒక వృద్ధాశ్రమానికి ఇచ్చాం. మీరూ ఇవ్వాలనుకుంటే ముందు వాళ్లనే అడగండి: డ్రైవరున్నాడా, పెట్రోలు, ఇన్సూరెన్స్ ఖర్చు భరించగలరా? లేకపోతే మనం ఇచ్చేది బరువే.

తాళాలు చేతిలో పెడితే సరిపోదు, ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) వాళ్ల పేరుకు మారాలి. మారనంతకాలం ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 నింపి ఆర్టీఓలో ఇచ్చేదాకా నాన్నగారు బండి కదలనివ్వలేదు. బండి మీద తీసుకున్న బ్యాంకు లోను తీరి ఉంటే, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించడానికి ఫారం 35 కూడా కావాలి. మాది నెల్లూరు రిజిస్ట్రేషన్ కాబట్టి అక్కణ్ణుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి, కర్ణాటక లైఫ్ టాక్స్ కట్టాం. ఆ ఖర్చు ఆశ్రమం మీద వేయకండి.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లోగా వాళ్ల పేరుకు మార్పించుకోమనండి. ఫాస్టాగ్ మీరే మూయించండి.

పన్ను మినహాయింపు కావాలా? వస్తురూపంలో ఇచ్చిన విరాళానికి అది రాదు. బండి అమ్మి, ఆ డబ్బు చెక్కు రూపంలో ఇచ్చి రసీదు తీసుకోండి. మేం ఇచ్చిన ఆశ్రమానికి మాత్రం డయాలసిస్‌కు వెళ్లడానికి బండే కావాల్సివచ్చింది.