గాయం మానిన తరువాత బరువు తగ్గకపోతే: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కాలి ఎముక విరిగి రాడ్డు వేయించుకున్నవారు, మోకాలి లిగమెంటు తెగి ఆపరేషను చేయించుకున్నవారు తిరిగి నడవడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది: "అన్నం సగానికి తగ్గించాను, రోజూ వ్యాయామం చేస్తున్నాను, అయినా బరువు కదలడం లేదు." ఈ మాటలో అబద్ధం ఉండదు. గాయానికి ముందు శరీరానికి సరిపోయిన లెక్కనే గాయం తరువాత కూడా పట్టుకుని ఉండటం వల్ల ఎక్కువ మందికి ఈ చిక్కు వస్తుంది. తేడా ఎక్కడుందో తెలుసుకోకుండా కంచంలో ముద్దలు మరింత తగ్గిస్తే మిగిలిన కండ కూడా కరిగిపోతుంది.

ఈ వివరణ, కాలిమీద పూర్తి బరువు మోపి నడవవచ్చునని డాక్టరు చెప్పిన పెద్దవారి కోసం. ఎముక ఇంకా అతుకుతున్న దశలో కడుపు మాడ్చుకోవడం తగదు. అతుకు పడటానికి మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్ డి మాత్రమే కాక, తగినంత ఆహారం కూడా కావాలి.

లక్షణం: తూకం కదలదు, కానీ నడుము దగ్గర బట్టలు వదులయ్యాయి

దీనికి సాధారణ కారణం నీరు. చాలాకాలం పని లేని కండరాలకు ఒక్కసారిగా పని చెబితే అవి కొన్ని వారాలపాటు అదనంగా నీటిని నిలుపుకుంటాయి. ఐబుప్రోఫెన్, ఎటోరికాక్సిబ్ వంటి నొప్పి మాత్రలు కూడా కొందరి ఒంట్లో ఉప్పును, నీటిని ఆపుతాయి. లోపల కొవ్వు కరుగుతున్నా, ఆ మేరకు నీరు చేరడంతో తూకంలో తేడా కనబడదు.

ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద బరువు చూసుకుని, ఏ రోజు అంకెనూ పట్టించుకోకుండా వారం సగటును మాత్రమే పోల్చుకోవాలి. బొడ్డు మట్టంలో టేపుతో నడుము చుట్టుకొలతను కూడా రాసుకోవాలి. నాలుగు వారాలలో నడుము తగ్గుతూ ఉంటే ఏమీ మార్చనక్కరలేదు.

అయితే గాయమైన కాలి పిక్క ఒక్కటే వాచి, నొక్కితే నొప్పిగా, వెచ్చగా ఉంటే అది ఆహారానికి సంబంధించిన విషయం కాదు. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు కనుక అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానితోపాటు ఆయాసం గానీ, ఛాతీ నొప్పి గానీ ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి.

లక్షణం: తూకమూ కదలదు, నడుమూ కదలదు; వ్యాయామం మాత్రం రోజూ సాగుతోంది

ఎక్కువ మంది ఇక్కడే ఆగిపోతారు. వ్యాయామం చేసే గంట సంగతి అందరికీ గుర్తుంటుంది. మెలకువగా ఉండే తక్కిన పదిహేను గంటల సంగతి ఎవరూ లెక్కపెట్టరు. గాయానికి ముందు మెట్లెక్కడం, కూరగాయలకు నడిచి వెళ్లడం, వంటింట్లో నిలబడటం, బస్సులో నిలబడి ప్రయాణించడం వంటి చిన్న చిన్న పనులకు ఖర్చయిన శక్తి తక్కువేమీ కాదు. గాయం తరువాత లిఫ్టు, ఆటో, కూర్చున్నచోటికే కాఫీ, "నువ్వు లేవకు, నేను తెస్తాను" అనే ఇంటివారి ఆప్యాయత కలిసి ఆ ఖర్చును దాదాపు తుడిచిపెడతాయి. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఒక గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలు. కుంటుతూ నెమ్మదిగా అరగంట నడిస్తే దానిలో సగం కూడా కాకపోవచ్చు.

ఆహారం వైపు చూస్తే, పుత్తూరు కట్టు కట్టించుకున్నవారికైనా, పిండికట్టు వేయించుకున్నవారికైనా బలం కోసమని మొదలైన పాయా సూపు, నెయ్యి, బాదం పాలు కట్టు విప్పాక కూడా ఆగవు. పాయా సూపులో మనం ఆశించినంత కాల్షియం ఉండదు, పైన తేలే కొవ్వు మాత్రం దండిగా ఉంటుంది. జొన్న రొట్టె తింటే చాలు తగ్గిపోతామన్న నమ్మకం కూడా ఇటువంటిదే: 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటే, అంతే తూకం జొన్నలలోనూ 330కి పైగానే ఉంటాయి. పీచు ఎక్కువగా ఉండటం వల్ల త్వరగా కడుపు నిండుతుంది, అది మంచిదే. కానీ లెక్క లేకుండా నాలుగు రొట్టెలు తింటే లాభం ఉండదు.

పరిష్కారాన్ని నూనె డబ్బాతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అన్నం తగ్గించామనుకునే ఇళ్లలో కూడా నూనె కొలిచి పోసేవారు అరుదు. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయిపోతుంటే, తలకు రోజుకు సుమారు 38 గ్రాములు, అంటే దాదాపు 340 కేలరీలు పడుతున్నట్టు లెక్క. ప్యాకెట్టు విప్పిన తేదీని దాని మీదే రాసిపెట్టి, వచ్చే నెల 3 లీటర్లతో సరిపెడితే, కంచంలో ఒక్క ముద్ద తగ్గకుండానే మనిషికి రోజుకు సుమారు 135 కేలరీలు తగ్గుతాయి. ఉడికిన అన్నాన్ని గరిటెలతో లెక్కపెట్టడం కన్నా, వండకముందే బియ్యాన్ని తూచుకోవడం నమ్మదగిన పద్ధతి. కాఫీ, టీలలో పాలు, చక్కెర కలిపి కప్పుకు 100 కేలరీలు ఉండవచ్చు. నాలుగు కప్పులు తాగేవారు రెండుకు తగ్గించుకుంటే మంచిది. ఇలా రోజుకు 400 కేలరీల లోటు ఏర్పడితే నెలకు సుమారు కిలోన్నర కొవ్వు తగ్గాలి. అంతకన్నా వేగం కోరుకోవడం గాయం నుంచి కోలుకునే శరీరానికి మంచిది కాదు. దీనితోపాటు ప్రతి గంటకూ లేచి మూడు నాలుగు నిమిషాలు ఇంట్లో తిరగాలి, మంచినీళ్లు తామే తెచ్చుకోవాలి.

లక్షణం: ఒక తొడ సన్నబడింది, నీరసం, ఎంత తక్కువ తిన్నా తేడా లేదు

మోకాలి చిప్ప పైఅంచు నుంచి పైకి 10 సెంటీమీటర్లు కొలిచి పెన్నుతో గుర్తు పెట్టి, కాలు చాపి వదులుగా ఉంచి, ఆ గుర్తు దగ్గర రెండు తొడల చుట్టుకొలతనూ చూడాలి. గాయమైన వైపు రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా ఉంటే తొడ ముందుభాగపు కండరం కరిగిందని అర్థం. కండ తగ్గితే విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కొంత తగ్గుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, బలం లేక ఏ పనీ గట్టిగా చేయలేకపోవడం.

ఇక్కడ చేయవలసింది తిండి తగ్గించడం కాదు, తిండిలో మార్పు. ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. గాయం నుంచి కోలుకుంటూ బరువు తగ్గాలనుకునేవారికి 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు సాధారణంగా సూచిస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పెంచకూడదు. గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల మీల్ మేకర్‌లో సుమారు 15 గ్రాములు ఉంటాయి. మన ఇళ్లలో పప్పు తింటున్నామనుకుంటాం గానీ, మనిషి వంతుకు వచ్చే 25 గ్రాముల కందిపప్పులో ఉండేది 5, 6 గ్రాములే. కాలు చాపి మోకాలిని నేలకు నొక్కి పట్టడం, మోకాలు వంచకుండా కాలును పైకెత్తడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం వంటి బలం పెంచే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు చెప్పిన వరుసలో వారానికి కనీసం మూడు రోజులు చేయాలి.

లక్షణం: ఒకరోజు గట్టిగా చేస్తే రెండురోజులు మంచం మీదే

మోకాలి నొప్పి మరుసటి రోజుకు కూడా తగ్గకపోయినా, వాపు పెరిగినా ఆ రోజు పని మితిమీరిందని అర్థం. వారం మొత్తం కూడితే ఇటువంటి వ్యాయామం వల్ల కదలిక పెరగకపోగా తగ్గుతుంది. మోతాదును సగానికి తగ్గించి రోజూ చేయాలి. మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగేవారికి సీటు ఎత్తు పెంచిన స్థిర సైకిలు నడకకన్నా తేలిక. అంతవరకు వంగనివారు కూర్చుని చేతులతో డంబెల్స్ ఎత్తవచ్చు, కుట్లు పూర్తిగా మానితే నీటిలో నడవవచ్చు.

లక్షణం: ఆకలి పెరిగింది, బరువు వారం వారం ఎక్కుతోంది

మందుల చీటీని చూసుకోవాలి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, అలాగే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు బరువు పెంచవచ్చు. వీటిని సొంతంగా ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరం. మోతాదు తగ్గించే వీలుందా, ప్రత్యామ్నాయం ఉందా అని రాసిచ్చిన డాక్టరునే అడగాలి.

పైవన్నీ రెండు మూడు నెలలు సరిగా పాటించినా మార్పు లేకపోతే థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకోవాలి. మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, నెలసరి తప్పడం వంటివి ఉంటే అంతవరకు ఆగనక్కరలేదు. ఒక జాగ్రత్త: గాయం తరువాతా, తిండి బాగా తగ్గించినప్పుడూ జుట్టు రాలుతుంది, దానికోసం చాలామంది బయోటిన్ మాత్రలు వేసుకుంటారు. అధిక మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేసి, ఉన్న లోపాన్ని కప్పిపుచ్చగలదు కనుక రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపి, ఆ సంగతి ల్యాబులోనూ డాక్టరుతోనూ చెప్పాలి.