పాత అమెరికా సైనిక సామగ్రిని గుర్తుపట్టడం – 3వ పాఠం: ఎం1 హెల్మెట్ అంచు ఏం చెబుతుంది?

పోయిన పాఠంలో జాకెట్ లోపలి లేబుల్ చదవడం నేర్చుకున్నాం. హెల్మెట్ షెల్‌కు ఆ సౌకర్యం లేదు. తయారైన తేదీ దాని మీద ఎక్కడా ఉండదు. చేత్తో తడిమి, టార్చి వేసి చూసి మనమే తేల్చుకోవాలి. ఈసారి పైనుండే స్టీలు షెల్ వరకే చూద్దాం, లోపలి లైనర్ సంగతి వచ్చే పాఠంలో.

ఎం1 హెల్మెట్ 1941లో అమెరికా సైన్యంలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు రెండు కోట్లకు పైగా తయారయ్యాయి. చాలావరకు డెట్రాయిట్‌లోని మెకార్డ్ కంపెనీవి, మిగిలినవి సెయింట్ లూయిస్‌లోని ష్లూటర్ కంపెనీవి.

హెల్మెట్‌ను వెల్లకిలా తిప్పి ఒళ్లో పెట్టుకోండి. అంచు చుట్టూ సన్నటి లోహపు పట్టీ ఉంటుంది. దాని మీద గోరు ఆనించి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఒకచోట గోరు తట్టుకుంటుంది. పట్టీ రెండు కొసలూ కలిసే అతుకు అదే. అది నుదురు వైపు ఉందా, మెడ వైపు ఉందా? ఈ పాఠానికి ప్రాణం ఈ ప్రశ్నే. 1944 చివరి దాకా అతుకు ముందుండేది, ఆ తర్వాత వెనక్కి మారింది.

నేను ఇది తెలుసుకోకముందు ఒక సంతలో హెల్మెట్ కొన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన సైనికుడిదని అమ్మినాయన చెప్పాడు. ఆ మాటకే కరిగిపోయి అడిగినంత ఇచ్చేశాను. కొన్ని నెలల తర్వాత గోరు పెట్టి చూస్తే అతుకు వెనక ఉంది. నార్మండీ దాడి 1944 జూన్ 6న జరిగింది. ఆ రోజుకి ఈ హెల్మెట్ ఇంకా పుట్టనే లేదు! డబ్బు పోయినందుకు కాదు, లేని సైనికుణ్ణి అన్నాళ్లూ తలచుకున్నందుకు మనసు చివుక్కుమంది.

పట్టీ లోహం కూడా చూడండి. మొదట్లో స్టెయిన్‌లెస్ స్టీలు వాడేవారు. దాని మీద రంగు సరిగా నిలవదు, పెచ్చులుగా లేచి కింద తళతళ మెరుస్తుంది. 1944 చివర్లో షెల్‌కు వాడే మాంగనీస్ స్టీలునే పట్టీకీ వాడారు.

తర్వాత గడ్డం పట్టీ తగిలించే లూపులు. వేలితో కదిపి చూడండి. తొలినాళ్లవి షెల్‌కు గట్టిగా వెల్డు చేసి ఉంటాయి, కదలవు. హెల్మెట్ కిందపడితే అవి విరిగిపోతున్నాయని 1943 చివర్లో అటూ ఇటూ ఊగేవి పెట్టారు.

లోపల ముందు అంచు దగ్గర కొన్ని అంకెలు, ఒక్కోసారి పక్కన ఒక అక్షరం అచ్చు కొట్టి ఉంటాయి. ష్లూటర్‌దైతే ఇంగ్లీషు ఎస్ అక్షరం తోడుంటుంది. అది ఏ విడత స్టీలుతో చేశారో చెప్పే లాటు నంబరు, తేదీ కాదు. రంగు కింద కనిపించకపోతే టార్చిని ఏటవాలుగా పట్టండి, లేదా పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దండి. దయచేసి గీకకండి. యుద్ధం తర్వాత చాలా షెల్స్‌కు మళ్లీ రంగు వేసి కొరియాకూ వియత్నాంకూ పంపారు. ఆ రంగు పొర కూడా ఆ హెల్మెట్ చరిత్రే.

ఇక అభ్యాసం. జవాబు చూడకుండా ముందు మీరే ఆలోచించండి.

అతుకు ముందుంది, లూపులు ఊగుతున్నాయి. ఎప్పటిది? 1943 చివరి నుంచి 1944 చివరి లోపు.

అతుకు వెనకుంది, లూపులు కదలడం లేదు. ఎప్పటిది? తొందరపడి తేదీ చెప్పకండి. ఈ రెండూ ఒకే షెల్ మీద ఉండకూడదు. లూపుల దగ్గర వెల్డింగు కొత్తగా ఉందేమో భూతద్దం పెట్టి చూడండి, అంతవరకు డబ్బు జేబులోనే ఉంచండి.