కొండమీద అనుకోని రాత్రికి: కిలో బరువులో అత్యవసర ఆశ్రయం

రాత్రి బస చేయాలనుకొని కొండ ఎక్కేవారి వద్ద గుడారం ఎలాగూ ఉంటుంది. ఉదయం వెళ్ళి సాయంత్రానికి దిగివద్దామనుకొని ఒక నీళ్ళసీసాతో బయలుదేరినవారు, కాలు మడతపడినా దారి తప్పినా చీకట్లో చిక్కుకుంటారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు కొన్నిసార్లు సున్నా డిగ్రీలకు చేరువవుతాయి. అంత చలి లేకపోయినా, వానకు తడిసి గాలిలో కూర్చున్న మనిషి శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా దిగువకు పడిపోవచ్చు. అది ప్రాణాపాయ స్థితి.

మన ఒంటి వేడిని నేల, గాలి, తడి లాగేసుకుంటాయి కనుక, కొనబోయే ప్రతి వస్తువూ వీటిలో దేనిని ఆపుతుందో చూసుకోవాలి. అందరూ మరచిపోయేది నేలనే. పైన ఎంత మంచి దుప్పటి కప్పుకున్నా, ఒంటి బరువుకు అణిగిపోయిన కింది పొర చల్లటి రాతి నుంచి కాపాడలేదు. అందుకే నేను మొదట కొనమనేది నీరు పీల్చని ఫోమ్ చాపను. వీపు నుంచి తొడల వరకు సరిపడేలా కత్తిరించుకుంటే అది దాదాపు 200 గ్రాములే ఉంటుంది. అది కూడా లేనినాడు సంచి, తాడు, ఎండుటాకులు, ఏది దొరికితే అది కింద పరచుకోవాలి.

వెండిరంగులో మెరిసే పలుచని రేకు దుప్పటి 60 గ్రాములకు మించదు, ధరా తక్కువే. అది ఒంటి నుంచి వెలువడే వేడిని తిప్పికొడుతుంది, గాలినీ అడ్డుకుంటుంది. కానీ ముల్లు తగిలితే చిరుగుతుంది, గాలికి ఎగిరి ఒంటిమీద నిలవదు. అదే పదార్థంతో రెండువైపులా అతికించి సంచిలా కుట్టినది ఇంకొంచెం బరువైనా ఎంతో మేలు, ఎందుకంటే అందులో దూరి కూర్చుంటే గాలి లోపలికి చొరబడదు. అయితే ఊపిరిలోని తేమ లోపల నీటి బొట్లుగా పేరుకుంటుంది కనుక సంచి మూతిని పూర్తిగా మూయకూడదు.

వానకు టార్పాలిన్ కావాలి. సంతలో దొరికే నీలిరంగు పట్టా గట్టిదే, కానీ బరువెక్కువ; సిలికాన్ పూత పూసిన మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు పలుచని గుడ్డ అరకిలోకు లోపే వస్తుంది. నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది, పాలియెస్టర్ అంతగా సాగదు కనుక నేను పాలియెస్టర్‌వైపే మొగ్గుతాను. రంగు నారింజ అయితే వెతికేవారికి దూరం నుంచే కనబడుతుంది. పది మీటర్ల సన్నని తాడు తీసుకొని, టార్పాలిన్ ఒక అంచును గాలి వచ్చే దిక్కున నేలకు ఆనించి, రెండో అంచును చెట్టుకు నడుమెత్తున కట్టుకుంటే చాలు. ఎండిన వాగులోనూ, ఎండుకొమ్మల కిందా, కొండ శిఖరం మీదా మకాం వేయకూడదు.

నిప్పును నమ్ముకోవద్దు: తడి కట్టెలు అంటుకోవు, రక్షిత అడవులలో మంట వేయడం నేరం కూడా. దానికి బదులు ఒక జత పొడి ఉన్నిబట్టలను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచుకోండి. తడిసిన నూలుబట్టలు వెచ్చదనాన్ని ఇవ్వవు. తలకు తగిలించుకొనే దీపం, ఈల తప్పనిసరి. అరిచే గొంతు త్వరగా బొంగురుపోతుంది, ఈల పోదు. మూడేసి సార్లు ఊది, ఆగి, మళ్ళీ ఊదాలి. ఫోన్ సంకేతం దొరికే చోట 112కు పిలవండి. అమెరికా నుంచి వచ్చే మన పిల్లలకు ఒక హెచ్చరిక: అక్కడ ట్రెక్కింగ్‌కు వాడే ఉపగ్రహ ఫోన్లనూ సందేశ పరికరాలనూ అనుమతి లేకుండా భారతదేశానికి తేవడం చట్టవిరుద్ధం, వాటితో పట్టుబడినవారు అరెస్టయ్యారు.

ఇవన్నీ కొన్న వెంటనే ఒక రాత్రి దీపం ఆర్పి, మేడమీద చాప పరచి, టార్పాలిన్‌ను చేతి తడుముడుతోనే కట్టి చూడండి. ముడి పడక తంటాలు పడినా, సంచిలో కాళ్ళు పట్టకపోయినా అక్కడే తెలిసిపోతుంది, మార్చుకోవడానికి వీలుంటుంది.