ఐరిష్ విస్కీ రుచి పట్టుకోవడం ఎలా?

ఒక సీసా కొని సోడా కలుపుకుని తాగితే ‘మెత్తగా ఉంది’ అన్న ముక్క తప్ప ఇంకేమీ తెలియదు. మూడు రకాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒక్కోటి 15 మి.లీ. చాలు, మూడూ కలిపినా ఒక లార్జ్ కాదు.

మొదటిది బ్లెండ్, అంటే వేర్వేరు రకాల విస్కీలు కలిపినది: జేమ్సన్. రెండోది సింగిల్ మాల్ట్: బుష్‌మిల్స్ 10. మూడోది సింగిల్ పాట్ స్టిల్: గ్రీన్ స్పాట్ లేదా రెడ్‌బ్రెస్ట్ 12. ఈ మూడోది మన షాపుల్లో దొరకడం కష్టం. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు చెప్పి తెప్పించుకోవచ్చు. మనిషికి 2 లీటర్ల దాకా సుంకం ఉండదు.

తేడా ఎక్కడంటే బార్లీలో. మాల్ట్ విస్కీకి మొత్తం మొలకెత్తించిన బార్లీయే వాడతారు. పాట్ స్టిల్‌కి అది కనీసం 30 శాతం, మొలకెత్తించని పచ్చి బార్లీ కనీసం 30 శాతం ఉండాలి. మొలకెత్తిన బార్లీ మీద పన్ను వేసిన రోజుల్లో ఐర్లండ్ బట్టీల్లో బలపడిన అలవాటిది. నాలుక మీద నూనెలాంటి చిక్కదనం, మిరియాల ఘాటు ఆ పచ్చి బార్లీ పుణ్యమే.

లేబుల్ చూసేటప్పుడు: ‘సింగిల్’ అంటే ఒకే డిస్టిలరీది, ఒకే పీపాది కాదు. వయసు అంకె అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదానిది. చట్టం అడిగేది ఐర్లండ్ దీవిలో, చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్లు, 40 శాతం ఆల్కహాల్. మూడుసార్లు బట్టీ పట్టాలన్న నియమమేమీ లేదు. కన్నెమరా అనే ఐరిష్ విస్కీని రెండుసార్లే పడతారు, పైగా దానికి పీట్ (బురదనేలల్లో తవ్వి తీసే, కాల్చే మట్టి) పొగ వాసన కూడా. దాన్ని మొదటిరోజు ముట్టుకోకండి, తర్వాత ఇంకేదీ తెలియదు.

ఇక పోసుకోవడం. మూతి సన్నగా ఉన్న గ్లాసు కావాలి, వెడల్పు గ్లాసులో వాసన నిలవదు. మే నెల హైదరాబాద్ గదిలో ఉన్న సీసా అయితే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వేడిగా ఉంటే స్పిరిట్ ఆవిరే ముక్కులో గుచ్చుకుంటుంది. ఐస్ మాత్రం వద్దు, వాసన అణిగిపోతుంది. నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. మొదటి గుటక మంటే, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. రెండోదాన్ని నాలుకంతా తిప్పి మింగండి. తర్వాత ఒక టీ చెంచా, అంటే 5 మి.లీ. నీళ్లు. 40 శాతం విస్కీ 15 మి.లీ.కి అది కలిస్తే 30 శాతానికి దిగుతుంది, మంట తగ్గి పళ్ల వాసనలు పైకొస్తాయి.

వరస: జేమ్సన్, బుష్‌మిల్స్, పాట్ స్టిల్. జేమ్సన్ సగం మిగిల్చి, ఆఖర్న మళ్లీ దాని దగ్గరికి రండి. జేమ్సన్ అంటే పాట్ స్టిల్, గ్రెయిన్ (మొక్కజొన్న లాంటి ధాన్యాలతో చేసే తేలికపాటి) విస్కీల కలయిక. ఇందాక పట్టని చిక్కదనం ఇప్పుడు పట్టుబడుతుంది. అసలు పాఠం ఇక్కడే.

నంజుకోవడానికి మిర్చి బజ్జీ, కారం పల్లీలు పెట్టుకుంటే అన్నీ మంటగానే ఉంటాయి. ఉప్పులేని జీడిపప్పు, మధ్యమధ్య నీళ్లు చాలు.

సీసాని ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి. పడుకోబెడితే ఆల్కహాల్ కార్క్‌ను తినేస్తుంది. మూడోవంతుకి తగ్గాక చిన్న గాజు సీసాలోకి మార్చండి, లోపలి గాలికి రుచి కొన్ని నెలల్లోనే చప్పబడుతుంది.