లండన్‌లో ఏడాది చదువు: బయలుదేరే ముందు మన జిల్లాల వారు చూసుకోవలసినవి

లండన్‌లో ఏడాది మాస్టర్స్ కోర్సులు ఎక్కువగా సెప్టెంబరులో మొదలవుతాయి. విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో హడావిడి మాత్రం జూన్, జులైలలోనే మొదలవుతుంది. ఫీజు వాయిదా, బ్యాంకు రుణం, వీసా, టికెట్టు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఆ తొందరలో ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోవలసిన లెక్క వెనకపడిపోతుంది. ‘వెళ్లాక పార్ట్‌టైమ్ చేసి తీర్చేస్తాడులే’ అన్న ఒక్క మాట మీద పొలం తనఖా పెట్టే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. సంతకం పెట్టే ముందు ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో కాగితం మీద వేసి చూడండి.

విద్యార్థి వీసా మీద, కోర్సు నడుస్తున్నంత కాలం వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవారికి అక్కడ కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. ఒక్క వారం కూడా ఖాళీ లేకుండా పని దొరికిందనుకున్నా నెలకు సుమారు 1,100 పౌండ్లు. లండన్‌లో బతకడానికి నెలకు 1,529 పౌండ్లు ఉన్నాయని చూపమని వీసా నిబంధనలే అడుగుతున్నాయి. అంటే ఆ సంపాదన అద్దెకూ తిండికే సరిపోదు. ఇక ఫీజు కోసం తెచ్చిన అప్పు సంగతి చెప్పనక్కరలేదు. వేసవి సెలవుల్లో పూర్తిగా పని చేయవచ్చన్నది కూడా భ్రమే. మాస్టర్స్ వారికి వేసవి అంటే డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) రాసే కాలం. అది సమర్పించి కోర్సు ముగిసేదాకా 20 గంటల పరిమితి అలాగే ఉంటుంది.

కోర్సు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు ఇంతవరకు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వారికి అది 18 నెలలే. అందుకని, అబ్బాయి తిరిగొచ్చి విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో చేరితే ఆ జీతంతో కట్టగలిగినంతే అప్పు చేయండి. అంతకు మించితే ఒక ఏడాది ఆగడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను. ఇంకో ఏడాది ఆగినంత మాత్రాన చదువు ఎక్కడికీ పోదు.

అప్పు ఒత్తిడి వల్లే పిల్లలు తప్పుదారుల్లోకి వెళతారు. ఇంకొకరి పేరు మీద ఉన్న ఖాతాతో ఫుడ్ డెలివరీ చేయడం అందులో మొదటిది. విద్యార్థి వీసాపై స్వయం ఉపాధి నిషిద్ధం కాబట్టి ఆ పని సొంత ఖాతాతో చేసినా తప్పే. లెక్కల్లో చూపకుండా చేతికి డబ్బిచ్చే పని రెండోది. అక్కడ జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి పిల్లలు జంకుతారు. మూడోది మరీ ప్రమాదం: ‘నీ బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తాం, కమీషన్ ఉంచుకుని మాకు పంపు’ అనేవాళ్లు. అది దొంగసొమ్మును దాటించడం, అంటే నేరం. ఖాతా మూతపడటంతో ఆగదు, కేసు కూడా కావచ్చు.

కన్సల్టెన్సీల గురించి ఒక మాట. చాలా ఏజెంట్లకు విశ్వవిద్యాలయాలే కమీషన్ ఇస్తాయి. కాబట్టి వారు ముందు చెప్పే పేరు మీ పిల్లలకు తగినదే కావాలని లేదు. దరఖాస్తులో వాడే ఈమెయిలు, దాని పాస్‌వర్డు విద్యార్థి చేతిలోనే ఉండాలి. ప్రతి కాగితం పంపే ముందు విద్యార్థే చదవాలి. ఖాతాలో డబ్బు చూపించడానికి వడ్డీకి సర్దుతామనేవారిని, అనుభవ పత్రాలు తయారు చేసి ఇస్తామనేవారిని గడప తొక్కనివ్వకండి. మోసపూరిత పత్రం పెట్టారని తేలితే పదేళ్లపాటు వీసా దక్కకపోవచ్చు.

వీసా కోసం చూపే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికే. ఆ ఖాతా సాధారణంగా విద్యార్థిది గాని, తల్లిదండ్రులది లేదా చట్టబద్ధ సంరక్షకులది గాని కావాలి. మేనమామ ఎంత ప్రేమతో ముందుకొచ్చినా ఆయన ఖాతా చెల్లదు. తల్లిదండ్రుల ఖాతా అయితే జనన ధ్రువపత్రం, అంగీకార పత్రం జతచేయాలి. బ్యాంకు విద్యా రుణం నుంచి ఫీజు పంపితే 2025 ఏప్రిల్ నుంచి మూలం వద్ద పన్ను వసూలు (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే టీసీఎస్) లేదు. చేబదులు తెచ్చి పంపే ముందు ఇది బ్యాంకులో అడగండి.

పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు మూడింటిలో పేరు అక్షరం తేడా లేకుండా ఉందేమో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. సరిచేయడానికి వారాలు పడుతుంది. పట్టా మీద కాకినాడ జేఎన్‌టీయూ పేరుంటే ట్రాన్స్‌క్రిప్టు (మార్కుల పూర్తి వివరపత్రం) కోసం విజయనగరం జేఎన్‌టీయూలో కాక కాకినాడలోనే అడగాలి. క్షయ పరీక్ష బ్రిటన్ గుర్తించిన క్లినిక్కులోనే చేయించాలి. ఆ ధ్రువపత్రం ఆరు నెలలు చెల్లుతుంది.

ఆరోగ్యం విషయంలో, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతాల వారు బయలుదేరే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పక చేయించుకోండి. అక్కడి కిడ్నీ జబ్బు చాలాకాలం లక్షణాలు చూపదు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఎందుకని అనుకోవద్దు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రిపోర్టు వెంట తీసుకెళ్లి, లండన్‌లో వైద్యుడికి చూపి, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే అదీ చెప్పండి. పని చేసి ఒళ్లు నొప్పులని నొప్పి మాత్రలు సొంతంగా వేసుకునే అలవాటు వద్దు. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కడతారు. కాబట్టి చేరిన వారంలోనే దగ్గరలోని డాక్టరు వద్ద పేరు నమోదు చేసుకోవాలి. డిసెంబరులో లండన్‌లో మధ్యాహ్నం నాలుగుకే చీకటి పడుతుంది. చలికాలంలో రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోమని అక్కడి ఆరోగ్య సేవ సలహా.

గది చూడకుండా, ఫొటోలు చూసి డబ్బు పంపవద్దు. మొదటి ఏడాదికి విశ్వవిద్యాలయ హాస్టలు ఖరీదైనా నాకు అదే నయమనిపిస్తుంది. బయట అద్దెకు తీసుకుంటే, సాధారణంగా అడ్వాన్సు ఐదు వారాల అద్దెకు మించకూడదు. దాన్ని ఇంటి యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకంలో జమ చేయాలి. రశీదు అడగండి.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి అక్కడ మొదటి అసైన్‌మెంట్లు వచ్చేస్తాయి. అక్కడ సాధారణంగా 50 మార్కులు ఉత్తీర్ణత, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. ఇంటర్‌లో 95 శాతం తెచ్చుకున్న పిల్ల 62 వచ్చిందని చెబితే తల్లిదండ్రులు కంగారుపడి నిలదీయవద్దు. అది మంచి మార్కే. ఇతరుల వాక్యాలు ఎత్తి రాయడం మాత్రం పెద్ద నేరంగా చూస్తారు. తరగతులు మానేస్తే విశ్వవిద్యాలయం వీసా అధికారులకు తెలియజేయాలి. ‘హోమ్ ఆఫీసు (వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ) నుంచి’ అని ఫోను చేసి డబ్బు అడిగితే అది మోసమే, ఫోను పెట్టేయండి.

చివరగా ఫోను సంగతి. ఇక్కడి బ్యాంకు ఖాతాకు, రుణ ఖాతాకు ఓటీపీలు ఇక్కడి నంబరుకే వస్తాయి. అంతర్జాతీయ రోమింగ్ బయలుదేరే ముందే తెరిపించండి. రీఛార్జి గడువు తేదీలు రాసి ఇంట్లో ఒకరికి అప్పగించండి.