నాన్‌స్టిక్ సాస్‌పాన్: వంట నుంచి తోమడం వరకు

అడుగంటని గిన్నె ఉంటే పాలు కాచడం, పాయసం కలపడం ఎంతో హాయి. కానీ కొన్న కొద్ది నెలలకే పూత లేచిపోయిందని వాపోయే ఇళ్లు చాలానే ఉన్నాయి. నింద ఎప్పుడూ స్టీలు గరిటె మీదకే పోతుంది. దాని తప్పు లేదని కాదు గానీ, ఖాళీ గిన్నె కింద మండే పెద్ద మంట అంతకన్నా ఎక్కువ చేటు చేస్తుంది.

చాలా గిన్నెల్లో ఉండే పూత పేరు పీటీఎఫ్‌ఈ. టెఫ్లాన్ అంటే అందరికీ తెలుస్తుంది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఫ్రిజ్‌లలో వాడే వాయువుల మీద పనిచేస్తుండగా అనుకోకుండా ఇది బయటపడింది. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ పూత దెబ్బతినడం మొదలవుతుంది. 350 దాటితే విచ్ఛిన్నమై హానికరమైన పొగలు వదులుతుంది. గిన్నెలో నీళ్లో పాలో ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఖాళీ గిన్నెకు ఆ కట్టడి లేదు. పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే హద్దు దాటుతుంది. ఇంట్లో లవ్‌బర్డ్స్ పెంచేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఆ పొగకు పక్షులు చచ్చిపోతాయి.

1. ముందు నెయ్యి, తర్వాత మంట

సేమ్యా పాయసం చేస్తున్నారనుకోండి. పొయ్యి వెలిగించక ముందే గిన్నెలో రెండు చెంచాల నెయ్యి వేయండి. సన్న మంట మీద నెయ్యి కరిగాక జీడిపప్పు, కిస్‌మిస్ వేయించి పక్కన పెట్టుకోండి. అదే నేతిలో అర కప్పు సేమ్యా వేసి, లేత బంగారు రంగు వచ్చేదాకా కలుపుతూ ఉండండి. ఇక్కడ తొందరపడి మంట పెంచితే సేమ్యా ఒకవైపు మాడుతుంది, పూతకూ మంచిది కాదు. తర్వాత మూడు కప్పుల వేడి పాలు పోయండి. పాలు పడ్డాక మంట మధ్యస్థంగా పెట్టుకోవచ్చు. సేమ్యా ఉడికాక పంచదార వేయండి. బెల్లం వేసేవారు గిన్నె దించి, పాయసం కాస్త చల్లారాకే కలపాలి, లేకపోతే పాలు విరిగిపోతాయి.

మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకకూడదు. పిడి దగ్గర కాలిన వాసన వస్తోందంటే పొయ్యి పెద్దదైందని అర్థం.

2. తాలింపు వేరే పెట్టండి

ఆవాలు చిటపటలాడాలంటే నూనె బాగా కాగాలి. ఆ పని ఇనుప తాలింపు గరిటెకు అప్పగించడమే మేలు. ఉప్మా లాంటి వాటికి అదే గిన్నెలో తాలింపు తప్పదు కాబట్టి, నూనె ముందే పోసి, మంట తగ్గించి, పొయ్యి దగ్గరే నిలబడండి. ఫోను మాట్లాడడానికి అదను కాదు.

3. కలపడానికి చెక్క గరిటె

చెక్కది గానీ సిలికాన్‌ది గానీ వాడండి. స్టీలు అట్లకాడ, స్టీలు పప్పుగుత్తి వద్దు. ఉడికిన పప్పు మెదపాలంటే వేరే గిన్నెలోకి తీసుకోండి. ఇంటివారు ఎంత జాగ్రత్తపడినా, పండగకు వచ్చిన చుట్టాలు సాయం చేయబోయి స్టీలు గరిటెతో గీకుతారు. అందుకే చెక్క గరిటెను పొయ్యి పక్కనే కనిపించేలా పెట్టడం మంచిది.

4. చల్లారాక కడగండి

వేడి గిన్నెను కుళాయి కింద పెట్టి చుయ్యిమనిపించవద్దు. అడుగు వంకరపోతుంది, అలా వంగిన గిన్నె పొయ్యి మీద కుదురుగా నిలవదు. పూర్తిగా చల్లారాక గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల లిక్విడ్ సబ్బు, మెత్తని స్పాంజి చాలు. స్టీలు పీచు, ఇసుకలా గరగరలాడే పొడులు వద్దు. గిన్నెలు తోమే మనిషి ఉంటే ఈ సంగతి ముందే చెప్పండి, లేదా ఈ ఒక్కటి మీరే కడుక్కోండి.

పాలమీగడ గానీ పాకం గానీ అడుగున పట్టుకుంటే గీకకండి. కప్పు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి తుడిస్తే ఊడి వస్తుంది.

5. పులుసు నిల్వ ఉంచవద్దు

పూతకు గీతలు పడి ఉంటే చింతపండు పులుపు, ఉప్పు వాటిలోంచి దిగి కింది అల్యూమినియాన్ని తింటాయి. వంట అవగానే స్టీలు గిన్నెలోకి మార్చండి. గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో పాత నూలు గుడ్డ వేయండి.

6. ఎప్పుడు మార్చాలి?

ఒకటి రెండు సన్నని గీతలకు కంగారు అక్కర్లేదు. పొరపాటున చిన్న రేకు కడుపులోకి వెళ్లినా అరగదు, అలాగే బయటకు పోతుంది. పూత పొట్టులా లేస్తున్నా, లోహం మెరుస్తూ బయటపడినా ఆ గిన్నెను వంటకు వాడడం ఆపేయండి. కొత్తది ఇండక్షన్ పొయ్యి కోసమైతే, అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటోందో లేదో కొట్లోనే చూసుకోండి. అంటుకోకపోతే ఆ పొయ్యి మీద వేడెక్కదు.