లినక్స్‌కు మారదాం – 3వ పాఠం: పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడటం

కంప్యూటర్‌తో మీరు రోజూ చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసుకోమని గత పాఠంలో చెప్పాను. ఈ పాఠమంతా ఆ కాగితంతోనే పని. ఇంకా రాయకపోతే ముందు రాసుకుని రండి. లినక్స్ కూడా విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే ఒక సిస్టమ్. ఏ సిస్టమ్ మంచిదని పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. మీ కాగితంలోని పనులు మీ కంప్యూటర్ మీద జరుగుతాయా లేదా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి. ఎద్దుల్ని కొనేవాళ్లు అరక కట్టి నాలుగు సాళ్లు తోలి చూస్తారు కదా, మనం ఇవాళ చేసేది అదే.

ఈ పాఠాలు మొదలుపెట్టడానికి కారణం మా ఇంట్లోని ఒక ల్యాప్‌టాప్. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. కీబోర్డ్, తెర అన్నీ బాగున్నాయి. అందులో ఉన్న విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పొడిగింపుకి నమోదు చేసుకున్న ఇళ్లకి 2026 అక్టోబరు దాకా గడువుంది. విండోస్ 11కి వెళ్దామంటే ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి. మంచి మెషీన్‌ని ఇందుకోసం పాత సామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, కొత్తవాళ్లకి నేను చెప్పేది లినక్స్ మింట్. విండోస్ అలవాటున్న చేతికి దాని మెనూ, టాస్క్‌బార్ కొత్తగా అనిపించవు. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ అయితే మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే సినమన్ ఎడిషన్. ఉబుంటు, ఫెడోరా కూడా మంచివే, కానీ మొదటి నెలలోనే నాలుగు రకాలు మార్చి చూడటం మొదలుపెడితే ఏదీ చేతికి అలవాటు కాదు.

మింట్ సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ (సిస్టమ్ మొత్తం ఒకే ఫైల్‌గా) దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ వాడకండి. విండోస్‌లో, ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి ఐఎస్ఓని ఎంచుకోండి. సెలెక్ట్ బటన్ పక్కన టిక్ గుర్తుంటుంది, అది నొక్కితే షా256 అనే పొడవాటి సంఖ్య వస్తుంది. మింట్ సైట్‌లో ఇచ్చిన సంఖ్యతో దాన్ని అక్షరం అక్షరం పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైల్ సరిగా దిగలేదన్నమాట, మళ్లీ దించుకోవాలి. సరిపోతే స్టార్ట్ నొక్కి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. చాలామంది ఈ పని వదిలేసి, తర్వాత సగంలో ఆగిపోయిన తెర ముందు టెన్షన్ పడుతుంటారు.

బూట్ సెట్టింగుల (కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో చెప్పేవి) జోలికి వెళ్లే ముందు మీ విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆ తాళం తెరిచే రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ ఒక్కటి మరిచిపోతే మీ ఫైళ్లే మీకు తెరుచుకోకపోవచ్చు.

ఇప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. అప్పుడే విండోస్ పూర్తిగా ఆగుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే కాసేపట్లో మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. తెర మీద ఇన్‌స్టాల్ బొమ్మ కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకండి. ముట్టుకోనంతవరకు మీ విండోస్ అలాగే ఉంటుంది. పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి కొంచెం నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగం అంచనా వేయకండి.

వైఫై, స్పీకర్, కెమెరా, వెలుతురు తగ్గించే కీలు, మూత మూసి తెరిస్తే మేలుకోవడం, ఇవన్నీ చకచకా చూసేయండి. వైఫై కనిపించకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చేది) ఆన్ చేయండి. నెట్ వస్తే డ్రైవర్ మేనేజర్ తెరిచి, కావాల్సిన డ్రైవర్ ఉందేమో చూడవచ్చు. ప్రింటర్‌ని మాత్రం తప్పకుండా కలిపి ఒక పేజీ తీసి చూడండి. కొన్ని మోడళ్లు కలపగానే పనిచేస్తాయి, కొన్ని ఎంత తంటాలు పడ్డా లొంగవు.

తర్వాత తెలుగు. కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్ ట్యాబ్‌కి వెళ్లి, సిస్టమ్ డిఫాల్ట్ అన్న చోట టిక్ ఉంటే తీసేసి, భారతీయ భాషల్లోంచి తెలుగు చేర్చండి. అది ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక. ఎడిటర్ తెరిచి ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్ కీలు వరసగా నొక్కండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం ఒకదాని కింద ఒకటి కుదురుకుని ‘స్త్రీ’ అవుతుంది. విండోస్‌లోని ఇన్‌స్క్రిప్ట్‌లోనూ ఇవే కీలు కాబట్టి ఇక్కడ పడిన చేతివాటం ఎక్కడికెళ్లినా మీదే. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటున్నవాళ్లకి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లో అదీ దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేశాక చూద్దాం.

ఇప్పుడు మీ సొంత తెలుగు డాక్యుమెంట్ ఒకటి లిబ్రేఆఫీస్‌లో (మింట్‌తో వచ్చే, వర్డ్ లాంటి ప్రోగ్రామ్) తెరవండి. అక్షరాలు సరిగ్గానే కనిపిస్తాయి, కానీ పేజీలు పెరగవచ్చు, తగ్గవచ్చు. గౌతమి, నిర్మలా యూఐ ఫాంట్లు మైక్రోసాఫ్ట్‌వి, మింట్‌లో రావు. వాటి చోట వేరే తెలుగు ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. ఫాంటు మారింది తప్ప ఫైల్‌కి ఏమీ కాలేదు, కంగారుపడకండి.

డీటీపీ (అచ్చుకి పేజీలు కూర్చే పని) చేసేవాళ్ల సంగతి వేరు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ (అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేనిచోట తెలుగుకి బదులు అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌కి గానీ లెక్కలు రాసే ట్యాలీకి గానీ లినక్స్ వెర్షన్ లేదు. వాటిమీదే ఇల్లు గడుస్తుంటే విండోస్ తీసేయకండి, రెండూ పక్కపక్కనే ఉంచుకోండి. అడ్డదారిలో నడిపించే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. రేపు ఉదయానికి శుభలేఖలు ఇవ్వాల్సినవాళ్లకి మాత్రం నేను వాటిని చెప్పను.

మరి ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. డబ్బు ఆదా ఒక్కటే కాదు. ఇంగ్లిష్‌లో ఫ్రీ అన్న ఒక్క మాటకే రెండు అర్థాలు. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, అందరూ స్వేచ్ఛగా వాడుకునే సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించింది రెండో అర్థంలోనే: నడుపుకోవడానికి, లోపల ఎలా పనిచేస్తుందో చూడటానికి, మార్చుకోవడానికి, పదిమందికి పంచడానికి హక్కు. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) దానికి తోడైంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. తెలుగువాళ్లు కొందరు ‘స్వేచ్ఛ’ అనే పేరుతోనే తెలుగులో ఒక సిస్టమ్ తయారుచేశారు. మెనూలో ఒక తెలుగు మాట తప్పుగా ఉంటే దిద్ది పంపే వీలు మనకుంది. నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది అదే.

ఈ వారం రోజుకి అరగంట చొప్పున పెన్‌డ్రైవ్ మీద పనిచేయండి. కాగితంలో ఒక్కో పని పక్కనా ‘అయింది’, ‘కాలేదు’, ‘వేరే దారి దొరికింది’ అని రాయండి. షట్‌డౌన్ చేస్తే ఇందులో దాచినవి పోతాయి కాబట్టి కావలసినవి ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. వచ్చే పాఠంలో డిస్క్‌లో చోటు చేసి, విండోస్ పక్కనే మింట్‌ని ఇన్‌స్టాల్ చేద్దాం. ఆలోగా ఫొటోలు, కాగితాల కాపీలు అన్నీ ఒక బయటి డిస్క్‌లోకి ఎక్కించి, ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూసి ఉంచండి.